హిస్టారిక్ డిస్ట్రిక్ట్‌లో ఇల్లు కొన్నాం, కిటికీలు మార్చినందుకు సిటీ నోటీసు ఇచ్చింది. ఏం చేయాలి?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మేం అమెరికాలో ఉంటున్నాం. ఏడాది క్రితం 1920లలో కట్టిన ఇల్లు ఒకటి కొన్నాం. అది హిస్టారిక్ ఏరియా అని రియల్టర్ చెబితే మంచి పేరున్న చోటు అనుకున్నాం తప్ప, దానికి ప్రత్యేకంగా రూల్స్ ఉంటాయని తెలియదు. పాత చెక్క కిటికీల్లోంచి చలిగాలి కొడుతోందని ముందువైపు రెండు తీసేసి వినైల్ (ప్లాస్టిక్) కిటికీలు పెట్టించాం. ఇంకో ఆరు ఆర్డర్ ఇచ్చాం. కిటికీలు మార్చడానికి పర్మిట్ అక్కర్లేదని కాంట్రాక్టర్ అన్నాడు. మూడోది తీయబోతుంటే సిటీ వాళ్లు వచ్చి స్టాప్ వర్క్ ఆర్డర్ అంటించి వెళ్లారు. తర్వాత వయొలేషన్ నోటీసు, హియరింగ్ తేదీ వచ్చాయి. పాతవే మళ్లీ పెట్టమంటారని పక్కింటావిడ అంటున్నారు. ఎదురింట్లో ఉన్నవి వినైల్ కిటికీలే! మేం కొనుక్కున్న ఇంటి కిటికీల మీద సిటీకి హక్కేమిటి? మా ఏరియా నేషనల్ రిజిస్టర్‌లో ఉందని ఆన్‌లైన్‌లో చూశాం, దానికీ దీనికీ సంబంధం ఉందా? మావారు హెచ్‌-1బి మీద ఉన్నారు, గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. దానికేమైనా అడ్డం వస్తుందేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: మిగతా సంగతుల కంటే ముందు, తీసేసిన ఆ రెండు పాత కిటికీలు ఎక్కడున్నాయో చూడండి. గ్యారేజీలోనో, కాంట్రాక్టర్ ట్రక్కులోనో ఉంటే ఈరోజే తెచ్చి భద్రంగా పెట్టుకోండి. రెక్కలు, అద్దాలు, చట్రం ముక్కలు, చివరికి గొళ్లేలు కూడా పారేయకండి. అవి మీ చేతిలో ఉంటే ఈ కేసు చాలావరకు సులువుగా తేలుతుంది. లేకపోతే వాటిని పోలినవి కొత్తగా చేయించమని అడిగే అవకాశం ఉంది, అది ఖర్చుతో కూడిన పని. రెండో సంగతి, స్టాప్ వర్క్ ఆర్డర్ ఉండగా బయటివైపు ఒక్క మేకు కూడా కొట్టకండి. ఆర్డర్ ఇచ్చాక పని చేస్తే, తెలియక చేశామన్న మీ మాటకు విలువ పోతుంది. మిగిలిన ఆరు కిటికీల ఆర్డర్ ఆపగలరేమో షాపువాళ్లతో వెంటనే మాట్లాడండి.

సిటీకి హక్కేమిటని అడిగారు. ఇది అమెరికాలో ఎప్పుడో తేలిపోయిన విషయం. సౌత్ కరోలినాలోని చార్లెస్టన్ నగరం 1931లోనే పాత పేటకు సరిహద్దు గీసి, అందులో బయటకు కనిపించే మార్పులకు అనుమతి ఉండాలని ఆర్డినెన్స్ చేసింది. న్యూయార్క్‌లో పెన్సిల్వేనియా స్టేషన్‌ను 1963లో కూల్చడం మొదలుపెడితే ఊరంతా బాధపడింది. 1965లో అక్కడ ల్యాండ్‌మార్క్స్ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ పైన యాభై అంతస్తులకు మించిన టవర్ కట్టడానికి అనుమతి నిరాకరిస్తే, యజమాని కంపెనీ పెన్ సెంట్రల్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ‘మా ఆస్తి లాక్కున్నట్టే, నష్టపరిహారం ఇవ్వండి’ అన్నది వాళ్ల వాదన. 1978లో కోర్టు 6-3 మెజారిటీతో సిటీ పక్షాన తీర్పు ఇచ్చింది. స్టేషన్‌ను స్టేషన్‌గా వాడుకుంటూ తగిన రాబడి పొందే వీలు యజమానికి ఉన్నప్పుడు, ఈ ఆంక్ష ఆస్తిని లాక్కోవడం కిందికి రాదని చెప్పింది. అదే పెన్ సెంట్రల్ కేసు. ఇలాంటి వివాదాల్లో నేటికీ ఆ కొలబద్దే వాడుతున్నారు. మామూలు జోనింగ్ (ఏ ప్రాంతంలో ఏం కట్టొచ్చో చెప్పే నిబంధనలు) లేని హ్యూస్టన్‌లో కూడా సిటీ చేసిన హిస్టారిక్ ఆర్డినెన్స్ చెల్లుతుందని టెక్సాస్ సుప్రీంకోర్టు 2021లో తేల్చింది. కాబట్టి హియరింగ్‌లో ‘ఇది మా ఇల్లు, మా ఇష్టం’ అన్న దారిలో వెళ్లకండి. గెలవరు సరికదా, మీకు సాయం చేయగలిగిన వాళ్లు కూడా బిగుసుకుపోతారు.

నేషనల్ రిజిస్టర్ సంగతి వేరు. దాన్నీ సిటీ నిబంధననూ కలిపేసి చాలామంది పొరపడతారు. చారిత్రక స్థలాల ఆ జాతీయ జాబితా 1966 నాటి ఫెడరల్ చట్టం కింద వచ్చింది. ఇల్లు అందులో ఉన్నా, ఫెడరల్ నిధులూ ఫెడరల్ అనుమతులూ లేకుండా సొంత డబ్బుతో చేసుకునే పనిని ఆ చట్టం ఆపదు. మిమ్మల్ని ఆపింది మీ సిటీ చేసిన లోకల్ ఆర్డినెన్స్. కొన్ని పేటలు రెండింటిలోనూ ఉంటాయి, కొన్ని ఒకదానిలోనే. సరిహద్దులు కూడా ఒకటే కానక్కర్లేదు. అందుకే సిటీ ప్లానింగ్ డిపార్ట్‌మెంట్‌లో మీ పేటను హిస్టారిక్ డిస్ట్రిక్ట్‌గా ప్రకటించిన డిజిగ్నేషన్ ఆర్డినెన్స్, దానితోపాటు ఉండే మ్యాప్ అడిగి తీసుకుని, మీ ఇంటి నంబరు గీత లోపల ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. ఇల్లు ‘కాంట్రిబ్యూటింగ్’ అని రాశారా, ‘నాన్-కాంట్రిబ్యూటింగ్’ అని రాశారా అన్నదీ చూడండి. ఆ పేట చరిత్రకు చెందిన ఇళ్లు మొదటి రకం, తర్వాత వచ్చినవో బాగా మారిపోయినవో రెండో రకం. రెండో రకానికి చాలాచోట్ల నిబంధనలు సడలిస్తారు. 1920లలో కట్టిన మీ ఇల్లు మొదటి రకంలోనే ఉండొచ్చు, అయినా కాగితం చూడందే అనుకోకండి.

కాంట్రాక్టర్ చెప్పినదాంట్లో సగం నిజం ఉండొచ్చు. కిటికీల మార్పుకు బిల్డింగ్ పర్మిట్ అడగని ఊళ్లు ఉన్నాయి. కానీ హిస్టారిక్ డిస్ట్రిక్ట్‌లో దానికి అదనంగా ‘సర్టిఫికెట్ ఆఫ్ అప్రోప్రియేట్‌నెస్’ కావాలి. అంటే చేయబోయే మార్పు ఆ ఇంటికీ ఆ వీధికీ తగినదేనని సిటీ ముందుగా ఇచ్చే అనుమతి. బిల్డింగ్ పర్మిట్ దానికి బదులు కాదు. హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉండి, వాళ్లు సరేనన్నా అది కూడా బదులు కాదు. వంటగది, బాత్‌రూమ్, లోపలి గోడలు సాధారణంగా ఈ అనుమతులు చూసే సిటీ కమిషన్ పరిధిలోకి రావు. వీధిలోంచి కనిపించే భాగం మీదే వాళ్ల చూపంతా. వెనకవైపు చేసే పనులకు చాలాచోట్ల ఉదారంగా ఉంటారు. ఉన్నదాన్ని ఉన్నట్టే బాగుచేసుకునే మామూలు రిపేర్లకు అనుమతే అక్కర్లేదనో, ఆఫీసు స్టాఫే సంతకం పెడితే చాలనో ఎక్కువ ఆర్డినెన్సుల్లో ఉంటుంది.

ఇక కిటికీల విషయం. కమిషన్‌కు ఇంత పట్టుదల ఎందుకో అర్థమైతే మీ దరఖాస్తు బాగా రాయగలరు. ఈ కమిషన్లు ఎక్కువగా ఆధారపడేవి ఫెడరల్ ప్రభుత్వంలోని ఇంటీరియర్ శాఖ కార్యదర్శి పేరుతో ఉన్న పునరుద్ధరణ ప్రమాణాలు. అవి మొత్తం పది. వాటిలో ఆరోది మీకు కావాల్సింది. పాడైన పాత భాగాన్ని మార్చడం కంటే బాగుచేయాలి, మార్చక తప్పనంతగా పాడైతే కొత్తది డిజైన్‌లో, రంగులో, పైకి కనిపించే తీరులో, వీలైతే మెటీరియల్‌లో కూడా పాతదానికి సరిపోవాలి అని దాని సారాంశం. అందువల్ల మీ ముందుకు వచ్చే మొదటి ప్రశ్న ‘పాతవి బాగుచేయలేనంతగా పాడయ్యాయా?’ అన్నదే. చలిగాలి వస్తోందంటే ఆ ప్రశ్నకు జవాబు చెప్పినట్టు కాదు.

ఆ కాలపు చెక్క కిటికీని ఒకసారి దగ్గరగా చూడండి. పైకీ కిందకీ జరిగే రెండు రెక్కలు, చట్రం లోపల దాచిన ఇనుప బరువులు, వాటిని మోసే తాడు ఉంటాయి. తాడు తెగితే రెక్క ఎత్తినా నిలవదు. జనం కిటికీ పాడైపోయిందనుకుంటారు, తాడు మారిస్తే సరిపోతుంది. అద్దం చుట్టూ పెట్టిన లప్పం ఎండి రాలిపోతే అద్దం గలగలలాడుతుంది, గాలి దూరుతుంది. కొత్త లప్పం పెట్టి రంగు వేస్తే అదీ తీరుతుంది. రెక్కల అంచులకు గాలి ఆపే పట్టీలు వేసి, బయట స్టార్మ్ విండో (పాత కిటికీ మీద అదనంగా బిగించే అద్దాల చట్రం) బిగిస్తే కొత్త కిటికీకి దగ్గరగా చలి ఆగుతుంది. స్టార్మ్ విండోలకు అనుమతి రావడం కూడా తేలిక, ఎందుకంటే పాతది లోపల అలాగే ఉంటుంది. ఆ రోజుల్లో వాడిన చెక్క నెమ్మదిగా పెరిగిన పెద్ద చెట్లది, పోగు దగ్గరగా ఉంటుంది కనుక పుచ్చడం తక్కువ. వినైల్‌లో పాడైన ముక్క మార్చుకునే వీలు తక్కువ, రెండద్దాల మధ్య సీలు పోతే మొత్తం యూనిట్ మార్చాలి. పైగా వినైల్ చట్రం మందంగా ఉండి అద్దం చిన్నదవుతుంది. గళ్లు అద్దాల మధ్య ఇరికించిన బల్లపరుపు పట్టీలు కావడంతో పాత కిటికీలో కనిపించే లోతు, నీడ రావు. ఒక్క ఇంట్లో ఇది చిన్న మార్పు. వీధిలో ఇరవై ఇళ్లు ఇలాగే చేస్తే ఆ వీధి పోయినట్టే. చట్టం కాపాడాలని చూస్తున్నది ఆ వీధినే. నా మటుకు నాకు ఈ నిబంధన న్యాయమైనదే అనిపిస్తుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. 1978కి ముందు కట్టిన ఇళ్లలో సీసం కలిసిన రంగు ఉండే అవకాశం ఎక్కువ. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే పాత రెక్కలు మీరే గీకకండి. సీసం పనికి సర్టిఫికెట్ ఉన్న వాళ్లతోనే చేయించండి. మీ కాంట్రాక్టర్‌కు ఆ సర్టిఫికెట్ ఉందో లేదో ఇప్పుడైనా అడగండి.

హియరింగ్‌కు ముందే, పాత కట్టడాల వ్యవహారాలు చూసే సిటీ ప్రిజర్వేషన్ ప్లానర్‌కు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి. మీ కేసులో అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చే పని ఇదే. కమిషన్ ముందు పెట్టే రిపోర్టు రాసేది ఆ స్టాఫే. తెలియక చేశామని, పని ఆపామని, పాత కిటికీలు దాచామని చెప్పి, ఎలాంటి ప్రతిపాదన అయితే తాము సిఫారసు చేస్తారో అడగండి. పాత రెండు తిరిగి పెట్టి, అన్నింటికీ స్టార్మ్ విండోలు వేస్తామంటే చాలా ఊళ్లలో స్టాఫ్ స్థాయిలోనే ముగుస్తుంది. గడువు కావాలంటే అడగండి, చలికాలం దాటేవరకు టైమ్ ఇవ్వమనడం సమంజసమైన కోరికే. ఒకవేళ పాతవి నిజంగానే పుచ్చిపోయి ఉంటే, పాత కిటికీల పనిలో అనుభవమున్న కార్పెంటర్‌తో ఒక్కో కిటికీ గురించి రాతపూర్వక రిపోర్టు, దగ్గరి ఫోటోలు తెచ్చుకోండి. కొత్త కిటికీలు అమ్మేవాడి ఉత్తరానికి అక్కడ విలువ ఉండదు.

ఎదురింటి వినైల్ కిటికీలను పట్టుకుని ఎక్కువ దూరం వెళ్లలేరు. డిస్ట్రిక్ట్ ఏర్పడకముందే అవి పెట్టి ఉండొచ్చు, అలాంటివాటిని మార్చమని సాధారణంగా అడగరు. ఎవరూ పట్టుకోకపోయి ఉండొచ్చు కూడా. వాళ్లను పట్టుకోలేదు కాబట్టి నన్నూ వదిలేయండి అనే వాదన కోర్టుల్లో సాధారణంగా నిలవదు. పనికొచ్చేది వేరే ఉంది. డిస్ట్రిక్ట్ వచ్చాక, మీలాంటి ఇంటికే, ముందువైపు, కమిషనే వినైల్‌కు అనుమతి ఇచ్చిందా? గత నిర్ణయాలు పబ్లిక్ రికార్డులు, అడిగితే ఇస్తారు. అలాంటివి దొరికితే తప్పకుండా జతచేయండి. కమిషన్ తన రాసిపెట్టిన ప్రమాణాల ప్రకారం, తన ముందున్న ఆధారాలను బట్టి నిర్ణయించాలి, కారణాలు చెప్పాలి. ఒకేలాంటి రెండు కేసుల్లో కారణం లేకుండా రెండు రకాలుగా తీర్పు ఇస్తే అప్పీల్‌లో అది గట్టి పాయింటు.

‘ఆర్థిక ఇబ్బంది’ అన్న మినహాయింపు గురించి కూడా వినే ఉంటారు. అది ఖర్చు ఎక్కువవుతుందన్నంత మాత్రాన దొరకదు. అనుమతి ఇవ్వకపోతే ఆస్తిని ఏ రకంగానూ సరిగా వాడుకోలేమని లెక్కలతో నిరూపించాలి, నిరూపించే బాధ్యత మీదే. వినైల్‌కు ఇప్పటికే పెట్టిన డబ్బు అందులోకి రాదు. అది మన చేతులారా తెచ్చుకున్న నష్టం కింద పోతుంది. ఆ డబ్బు రాబట్టాలంటే కాంట్రాక్టర్‌తో రాసుకున్న ఒప్పందంలో పర్మిట్ల బాధ్యత ఎవరిదని ఉందో చూడండి. అమ్మినవాళ్లు నింపిన డిస్‌క్లోజర్ ఫారంలో హిస్టారిక్ డిస్ట్రిక్ట్ గురించి ప్రశ్న ఉండి, ‘లేదు’ అని టిక్ పెట్టి ఉంటే నాకు రాయండి, దాని దారి వేరు. టైటిల్ ఇన్సూరెన్స్ (ఇంటి హక్కుల్లో లోపాలకు ఉండే బీమా) మీద ఆశ పెట్టుకోకండి, ఇలాంటి నిబంధనలను అది సాధారణంగా కవర్ చేయదు.

ఖర్చులో కొంత తిరిగి వచ్చే మార్గం ఉండొచ్చు. ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే 20 శాతం పన్ను రాయితీ అద్దె, వ్యాపార భవనాలకే, సొంతంగా ఉండే ఇంటికి రాదు. అయితే ఉంటున్న ఇంటికి కూడా రాయితీ ఇచ్చే రాష్ట్రాలున్నాయి, ఆస్తి పన్ను తగ్గించే ఊళ్లూ ఉన్నాయి. పని మొదలుపెట్టకముందే అప్లై చేయాలన్న షరతు ఉండొచ్చు కాబట్టి ప్లానర్‌ను కలిసినప్పుడే ఈ మాట అడగండి.

కమిషన్ కాదంటే అప్పీల్ ఉంటుంది. కొన్నిచోట్ల సిటీ కౌన్సిల్‌కు, కొన్నిచోట్ల నేరుగా కోర్టుకు. గడువు తక్కువ, నిర్ణయం చేతికొచ్చిన రోజే అందులో తేదీ చూసుకోండి. హియరింగ్‌లో రికార్డుకు ఎక్కించని కాగితాన్ని అప్పీల్‌లో చూడకపోవచ్చు. అందుకే ఫోటోలు, రిపోర్టు, పాత నిర్ణయాలు అన్నీ మొదటి రోజే ఇచ్చేయాలి.

గ్రీన్‌కార్డ్ గురించి మీ భయం నాకు అర్థమవుతుంది. మీరు చెప్పినదాన్ని బట్టి ఇప్పటికి వచ్చింది సివిల్ నోటీసులా ఉంది. కిటికీల గురించి వచ్చే సివిల్ నోటీసు నేరం రుజువైనట్టు కాదు. దాన్ని సరిచేసుకుంటే అక్కడితో అయిపోతుంది. కానీ చాలా ఊళ్లలో ఇదే ఆర్డినెన్స్ ఉల్లంఘనను మిస్‌డిమీనర్‌గా (చిన్న స్థాయి క్రిమినల్ నేరంగా) కూడా పెట్టొచ్చు. నోటీసులు పట్టించుకోకుండా, హియరింగ్‌కు రాకుండా ఉన్నవాళ్ల విషయంలోనే వ్యవహారం ఎక్కువగా అంతదాకా వెళ్తుంది. అందుకని ఏ తేదీనీ వదలకండి, వెళ్లలేకపోతే ముందుగా రాసి వాయిదా అడగండి, ప్రతి కాగితం కాపీ దాచండి. నోటీసు మీద ‘సమన్స్’ అనో ‘సైటేషన్’ అనో ఉండి, మున్సిపల్ కోర్టు పేరు కనిపిస్తే మాత్రం, ఫైన్ కట్టేస్తే పోతుందని ఆన్‌లైన్‌లో కట్టేయకండి. కొన్ని కోర్టుల్లో ఫైన్ కట్టడమంటే తప్పు ఒప్పుకున్నట్టే. ముందు మీవారి గ్రీన్‌కార్డ్ ఫైల్ చూసే ఇమిగ్రేషన్ లాయర్‌కు ఆ కాగితం చూపించి, ఆయన సరేనన్న తర్వాతే డబ్బు కట్టడమో, సంతకం పెట్టడమో చేయండి.