మచ్చల ఆకుల అడ్రోమిస్కస్: రాలిన ఆకులు పారేయకండి

కావలి అక్కా, వానలు మొదలైనప్పటి నుంచి మీ అడ్రోమిస్కస్ కూపరి (ఆకుల్లో నీళ్లు దాచుకునే మందపాటి ఆకుల మొక్క) ఆకులు ముట్టుకుంటే రాలుతున్నాయని, కాండం అడుగున నల్లబడిందని రాశారు. టెన్షన్ పడకండి. మెత్తబడిన కాండం ఇక దక్కదు గానీ, గట్టిగా ఉన్న ఆకు ఒక్కటి మిగిలినా మొక్క మిగిలినట్టే.

మొదలుతో సహా ఊడిన ఆకులే ఏరండి. నీడలో నాలుగైదు రోజులు ఉంచితే ఊడిన చోట గాయం ఎండుతుంది. తర్వాత పొడి ఇసుక మీద ఊరికే పడుకోబెట్టండి, లోపలికి గుచ్చొద్దు. వేళ్లు కనిపించాకే కాస్త నీళ్లు చిలకరించండి. పిల్ల మొక్క రావడానికి నెలలు పడుతుంది. ఈలోపు పాత ఆకు ముడతలు పడినా తీసేయకండి, పిల్లకు తిండి అదే.

అసలు తప్పు మట్టిది. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఎక్కువైతే మన అక్టోబరు–డిసెంబరు వానల్లో తడి ఆరదు. దక్షిణాఫ్రికాలో రాళ్ల సందుల్లో పెరిగే మొక్క ఇది. రెండు వంతులు గరుకు ఏటి ఇసుక, ఒక వంతు చితక్కొట్టిన ఇటుక, ఒక వంతు ఎర్రమట్టి కలపండి. తుమ్మలపెంట బీచ్ మీ కావలికి దగ్గరే కదా అని సముద్రపు ఇసుక మాత్రం తేవద్దు, ఉప్పుకు వేళ్లు మాడిపోతాయి. ఒంగోలులో నా మూడు కుండీలు తుఫాను వానకు పోయాయి. అప్పటి నుంచి వరండా చూరు కిందే పెడుతున్నాను, కుండీ కింద పళ్లెం కూడా తీసేశాను.

రోహిణి కార్తె ఎండల్లో పెరుగుదల ఆగిపోతుంది. ఎండిపోతోందనుకుని నీళ్లు పెంచకండి. పొద్దుటి ఎండ చాలు, మచ్చలు బాగా తేలతాయి.