రే లాగా కంపెనీ నుంచి బయటికొచ్చి సొంతంగా పాటలు విడుదల చేసుకోవచ్చా?

రెండేళ్ల కిందట ఒక మ్యూజిక్ కంపెనీతో సంతకం చేశానని, ఆల్బమ్ ఇంకా రాలేదని, బ్రిటిష్ గాయని రే లాగా బయటికొచ్చేస్తే ఎలా ఉంటుందని అడిగారు. రావచ్చు. కానీ ఆమె 2021 తర్వాత గెలిచిన సంగతే అందరూ చెబుతారు. అంతకుముందు ఏడేళ్లు ఏం చేసిందో కూడా చూడండి.

రే అసలు పేరు రేచల్ కీన్, పెరిగింది దక్షిణ లండన్‌లో. 2014లో, టీనేజ్‌లో ఉండగానే పాలిడోర్ అనే మ్యూజిక్ కంపెనీతో నాలుగు ఆల్బమ్‌ల ఒప్పందం చేసుకుంది. డీజేలతో పాడిన పాటలు బాగా ఆడాయి. జాక్స్ జోన్స్‌తో చేసినది బ్రిటన్ చార్టులో 3వ స్థానం దాకా వెళ్లింది. తన ఆల్బమ్ మాత్రం ఒక్కటీ రాలేదు. అయినా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. బియాన్సే, జాన్ లెజెండ్ లాంటి వాళ్లకు పాటలు రాసింది. 2021 జూన్‌లో ట్విటర్‌లో బాధంతా బయటపెట్టింది, మరుసటి నెలే కంపెనీతో తెగిపోయింది. అంటే బయటికి వచ్చే రోజుకి ఆమె చేతిలో ఏడేళ్ల పని ఉంది, పాట రాయడంలో పేరూ ఉంది.

నేను బయటికొచ్చినప్పుడు నా దగ్గర కోపం తప్ప ఏమీ లేదు. 2019లో ఒక చిన్న ఆడియో కంపెనీకి ఐదు పాటలు ఇచ్చాను, రాసిందీ బాణీ కట్టిందీ నేనే. ఒక్కటే విడుదలైంది. మిగతావాటి గురించి అడిగితే "వచ్చే నెల చూద్దాం" అనేవాళ్లు. రే ట్విటర్‌లో రాసింది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారగానే మానేస్తున్నానని మెయిల్ పెట్టేశాను. ఆ తర్వాత అగ్రిమెంట్ తీసి చదివాను. రికార్డింగులన్నీ వాళ్లవే. పైగా అవే పాటలను ఐదేళ్లపాటు నేను మళ్లీ రికార్డు చేయకూడదట. అందులో మా అమ్మ మీద రాసిన పాట కూడా ఉంది.

అప్పుడు తెలిసింది, ఒక పాటలో రెండు ఆస్తులు ఉంటాయని. సాహిత్యం, బాణీ ఒకటి. రికార్డు చేసిన ఆడియో, అంటే మాస్టర్, ఇంకొకటి. మాస్టర్ కంపెనీకి రాసిచ్చేసినా రచయితకూ స్వరకర్తకూ రాయల్టీలో వాటా ఉంటుందని, దాన్ని అగ్రిమెంట్‌తో లాక్కోలేరని మన దేశంలో 2012 కాపీరైట్ సవరణ చెబుతోంది. ఆ రాయల్టీ వసూలు చేసేది ఐపీఆర్ఎస్, అంటే పాటల రచయితల, స్వరకర్తల సంఘం. మీరు అందులో సభ్యులు కాకపోతే ముందు ఆ పని చూడండి. రే అయితే ఇంకో మెట్టు పైకి వెళ్లి, రచయితలకు మాస్టర్‌లో కూడా వాటా ఇవ్వాలని బ్రిటన్ సంగీత పురస్కారాలైన బ్రిట్ అవార్డుల వేదిక మీదే 2024లో కంపెనీలను అడిగింది. ఆ రాత్రి ఆమెకు ఆరు అవార్డులు వచ్చాయి. ఒకే రాత్రి అన్ని ఎవరికీ రాలేదు. వాళ్ల అమ్మమ్మను స్టేజి మీదికి తీసుకొచ్చి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

సొంతంగా అంటే ఒంటరిగా అని కాదు. ఆమె పాటలను స్పాటిఫై లాంటి చోట్లకు చేర్చడానికి ఒక డిస్ట్రిబ్యూషన్ కంపెనీ ఉంది. ఆమె పాట 'ఎస్కేపిజం' 2022 అక్టోబర్‌లో వచ్చింది, టిక్‌టాక్‌లో పాకి, 2023 జనవరికి గానీ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరలేదు. మొదటి ఆల్బమ్ ఆ ఫిబ్రవరిలో వచ్చింది, సంతకం చేసిన తొమ్మిదేళ్లకు.

కాబట్టి కోపంతో మెయిల్ పెట్టకండి. అగ్రిమెంట్‌ను కాపీరైట్ తెలిసిన లాయర్‌కు చూపించండి. విడుదల కాని పాటలు తిరిగి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. ఈలోగా ఇతరులకు రాయడానికి అగ్రిమెంట్ ఒప్పుకుంటే రాస్తూనే ఉండండి. నా గడువు 2024లో తీరింది. అమ్మ పాట మళ్లీ రికార్డు చేసి మొదట ఆవిడకే వినిపించాను. మీ అగ్రిమెంట్‌లో రీ-రికార్డింగ్ క్లాజు ఉందేమో చూసి, ఎన్నేళ్లో చెప్పండి.