ఫారో దీవులకు డెన్మార్క్ వీసా చాలునా?

ప్రశ్న: వచ్చే జూన్‌లో విశాఖ ఉక్కపోత తప్పించుకొని, మోకాళ్ల నొప్పులున్న అమ్మతో వారం రోజులు ఫారో దీవులకు వెళ్లాలనుకుంటున్నాను. డెన్మార్క్ వీసా చాలునా? ఎలాంటి దుస్తులు కావాలి?
- ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: చాలదండీ. ఈ 18 దీవులు డెన్మార్క్ రాజ్యంలో భాగమే అయినా ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల షెంజెన్ ప్రాంతంలోకి రావు కనుక, ఫారో దీవులకు కూడా చెల్లుతుందని వీసాపై ప్రత్యేకంగా రాయించుకోవాలి. టిక్కెట్లకంటే ముందు చూసుకోవలసింది ఇదే.

జూన్ పగటి వేళ ఉష్ణోగ్రత 11 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ చలి లంబసింగికి వెళ్లినవారికి కొత్త కాదు గాని, గాలివాన వేరు. తుఫాను రోజుల్లో మన బీచ్ రోడ్డుపై గొడుగు విప్పి చూసినవారికి వివరించనక్కరలేదు! నీరు చొరని కోటు, లోపల ఉన్ని బట్టలు, జారని బూట్లు తీసుకెళ్లండి.

పఫిన్ పక్షులుండే మిచినెస్ దీవికి వెళ్లే పడవ వాతావరణం బాగా లేకపోతే ఆగిపోతుంది. పైగా అక్కడ ఎత్తుపల్లాల నడక ఉంటుంది కనుక అమ్మగారిని ఇబ్బంది పెట్టవద్దని నా సలహా. ప్రధాన దీవులను సొరంగాలు, వంతెనలు కలుపుతున్నందున ఆమె కారులోనే చాలా చూడవచ్చు. 2020లో తెరిచిన ఒక సొరంగంలో సముద్రం అడుగున రౌండ్ అబౌట్ కూడా ఉంది. పొగమంచుకు విమానాలు ఆలస్యమవుతాయి కాబట్టి, తిరుగు ప్రయాణంలో కోపెన్‌హాగెన్‌లో ఒక రోజైనా ఖాళీగా ఉంచుకోండి.