ఉద్యోగం మానేశాక రెండేళ్లు ఖాళీగా కూర్చోవాలా?

ప్రశ్న: సార్, హైదరాబాద్‌లో ఒక బట్టల కంపెనీ డిజైన్ విభాగంలో నాలుగేళ్ల ఏడు నెలలుగా పనిచేస్తున్నాను. ఉద్యోగం మానేసి, మచిలీపట్నం దగ్గరి పెడనలో అద్దకం వేయించి కలంకారీ చీరలు, దుపట్టాలు సొంతంగా అమ్మాలని కోరిక. రాత్రిళ్లు ఇంట్లో గీసుకున్న డిజైన్లు చాలానే ఉన్నాయి. కానీ చేరేటప్పుడు సంతకం పెట్టిన ఒప్పందంలో ‘మానేసిన రెండేళ్ల దాకా ఇదే వ్యాపారం చేయరాదు, చేస్తే 5 లక్షలు చెల్లించాలి’ అని ఉంది. అది చూస్తేనే టెన్షన్. ముందుకెళ్లొచ్చా?
– పేరు వద్దన్న పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వెళ్లొచ్చమ్మా. మీరు భయపడుతున్న షరతు కంటే, మీరు మామూలుగా ఒక్క ముక్కలో చెప్పేసిన ‘రాత్రిళ్లు గీసుకున్న డిజైన్లు’ నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తున్నాయి.

ముందు షరతు సంగతి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం, ఒకరి వృత్తినీ వ్యాపారాన్నీ అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. ఉద్యోగం వదిలాక కూడా వర్తించే ఇలాంటి నిషేధాలు నిలవవని సుప్రీంకోర్టు 2006లో క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులోనూ చెప్పింది. నిషేధమే చెల్లనప్పుడు, దాన్ని దాటితే చెల్లించాలన్న 5 లక్షలు వసూలు చేయడం కంపెనీకి అంత తేలిక కాదు. అయితే అదే కాగితంలో ‘కనీసం ఇన్నేళ్లు పనిచేయాలి’ అనే బాండ్ విడిగా ఉందేమో చూడండి. అది వేరే విషయం. విజయా బ్యాంకు ఉద్యోగి కేసులో మూడేళ్ల బాండును, 2 లక్షల పరిహారాన్ని సుప్రీంకోర్టు 2025లో సమర్థించింది.

ఉద్యోగంలో ఉన్నంతకాలం మాత్రం కంపెనీ మాటే నెగ్గుతుంది. జీతం తీసుకుంటూ పోటీ వ్యాపారం చేయొద్దనే షరతు చెల్లుతుందని 1967 నుంచీ తీర్పు ఉంది. ‘అమ్మ పేరు మీద పేజీ తెరవండి’ అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. డబ్బులు మీ ఫోన్‌పేకే వస్తుంటే అమ్మ పేరు ఏం కాపాడుతుంది?

ఇక డిజైన్లు. కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగ విధుల్లో భాగంగా చేసిన పనికి మొదటి హక్కుదారు యజమానే. మీరు అకౌంట్స్‌లో ఉంటే పెద్దగా చర్చే లేదు. కానీ డిజైన్లు గీయడమే మీ ఉద్యోగం. ఇంట్లో రాత్రి పదింటికి గీసినా, ‘అది మాకిచ్చే పనే’ అని కంపెనీ వాదించగలదు. కంపెనీ ల్యాప్‌టాప్‌లో, కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో గీసి ఉంటే ఆ వాదనకు బలం చేకూర్చింది మీరే. అలాంటివి వదిలేయండి. కాగితం మీద సొంతంగా గీసినవి తేదీలతో భద్రపరచండి. అసలు వ్యాపారానికి పెట్టే డిజైన్లు మానేశాకే గీయడం మేలు. వెళ్లే ముందు ఆఫీసు ఫైళ్లు సొంత మెయిల్‌కు పంపుకోవడం చాలామంది చేసే పని. అనుమతి లేకుండా అలా కాపీ చేసుకుంటే సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం సెక్షన్ 43, 66 కింద క్రిమినల్ కేసు పెట్టే వీలుంది.

కొత్త డిజైన్లను ఇన్‌స్టాలో పెట్టాలని చేతులు ఊరుకోవు, తెలుసు. కాస్త ఆగండి. ఒక డిజైన్‌ను అచ్చులతో యాభైకి మించి చీరల మీద వేస్తే, డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేయించకపోతే దాని మీద మీ కాపీరైట్ పోతుంది. రిజిస్టర్ చేయించాలంటే ముందుగా ఎక్కడా బయటపెట్టి ఉండకూడదు. కాబట్టి ముందు దరఖాస్తు, తర్వాతే పోస్టు. తరాల నుంచి వస్తున్న నెమలి, తీగ నమూనాలు మీవని ఎవరూ రాసివ్వరు. మీరు కొత్తగా కల్పించినవాటికే ఆ హక్కు.

మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. అంటే ఆ ప్రాంతంలో, ఆ పద్ధతిలో చేసినవాటికే ఆ పేరు. పెడనలో చెక్క అచ్చులతో అద్దించినవి ఆ పేరుతో అమ్మాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకోండి. స్క్రీన్ ప్రింట్ బట్టకు ఆ పేరు తగిలిస్తే మాత్రం చట్టం ఒప్పుకోదు.

జీఎస్‌టీ నమోదు పరిమితి సరుకులకు తెలంగాణలో 20 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు. పక్క రాష్ట్రాలకు పంపితే నిబంధనలు వేరు, చేతి అద్దకానికి కొన్ని మినహాయింపులున్నాయి. ఆడిటర్‌ను అడగండి.

రాజీనామా ఈ నెలలోనే ఇచ్చేయకండి. గ్రాట్యుటీకి, అంటే ఏళ్ల తరబడి పనిచేసినందుకు మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తానికి, ఐదేళ్లు నిండాలి. బేసిక్, డీఏ కలిపి 30,000 అనుకుంటే ఐదేళ్లకు 86,538 రూపాయలు వస్తుంది. నాలుగేళ్ల 240 రోజులు చాలన్న హైకోర్టు తీర్పులున్నాయి కానీ, ఐదు నెలల కోసం కోర్టు చుట్టూ తిరగడం దేనికి? ఆఖరి పనిరోజు ఐదేళ్లు దాటాక పడేలా చూసుకుని నోటీసు ఇవ్వండి.

రాజీనామా మెయిల్‌లో వ్యాపారం ఊసెత్తకండి, ‘వ్యక్తిగత కారణాలు’ చాలు. ల్యాప్‌టాప్ అప్పగించినట్టు రసీదు, రిలీవింగ్ లెటర్ తీసుకోండి. ఆ తర్వాత కంపెనీ నుంచి లాయర్ నోటీసు వస్తే కంగారుపడి వాట్సాప్‌లో సంజాయిషీలు పంపొద్దు. ఒప్పందం కాపీతో పాటు దాన్ని దగ్గర్లోని న్యాయవాదికి చూపించి, ఆయన చేతే జవాబు ఇప్పించండి.