నాన్న కోపం నాకూ వచ్చిందా?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. ఆఫీసులో నెమ్మదస్తుడినని పేరు. ఇంటికి రాగానే మాత్రం చిన్న విషయానికే అరుస్తాను. పోయిన వారం కోపంలో రిమోట్ గోడకేసి కొట్టాను. మా తొమ్మిదేళ్ల బాబు ఏమీ మాట్లాడకుండా కింద పడ్డ బ్యాటరీలు ఏరి తెచ్చి నా పక్కన పెట్టాడు. నేను తలుపు తాళం తీస్తున్న చప్పుడు వినగానే వాడు టీవీ కట్టేస్తాడని మా ఆవిడ చెప్పింది. మా నాన్నా ఇలాగే ఉండేవారు. ఇది రక్తంలోనే ఉందా? దిండును గుద్దితే కోపం పోతుందని ఓ స్నేహితుడు అంటున్నాడు, నిజమేనా?

జవాబు: మీ ఉత్తరంలో ఆ బ్యాటరీల దగ్గరికి వచ్చేసరికి నాకు మనసు పట్టేసినట్టయింది. అది మీరు దాచకుండా రాశారు. అందుకే నేనూ దాచకుండా చెబుతాను.

త్వరగా రేగే స్వభావం కొంత పుట్టుకతో రావచ్చు. కానీ ఆ కోపంతో ఏం చేయాలన్నది చాలావరకు చూసి నేర్చుకునేదే. 1961లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 3 నుంచి 6 ఏళ్ల లోపు పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. ఒక పెద్దమనిషి గాలి బొమ్మను కొడుతుంటే కొందరు పిల్లలు చూశారు. తర్వాత అదే బొమ్మ వాళ్ల ముందు పెడితే అలాగే కొట్టారు, ఆయన అన్న మాటలే అన్నారు. మీరు మీ నాన్నగారిని చూశారు. ఇప్పుడు బాబు మిమ్మల్ని చూస్తున్నాడు.

కోరుకున్నదానికి అడ్డు తగిలితే మనిషి దూకుడుగా మారతాడని 1939లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రతిపాదించారు. ప్రతిసారీ అలా జరగదని, అడ్డు వల్ల కలిగే చిరాకు దూకుడుకు దారి తీయగలదని లియొనార్డ్ బెర్కోవిట్జ్ తర్వాత సవరించారు. నిద్రలేమి, నొప్పి, మద్యం దానికి తోడైతే మరీ కష్టం. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఆ చిరాకు తిరిగి ఏమీ అనలేని వాళ్ల మీదికి మళ్లుతుంది. ఒక్కటి ఆలోచించండి: ఆఫీసులో ఎంత టెన్షన్ ఉన్నా మీరు అక్కడ ఏదీ విసరలేదు. అంటే ఆపుకోవడం మీకు వచ్చు. ఇంట్లో ఆపుకోవాల్సిన అవసరం ఇన్నాళ్లూ మీకు కనిపించలేదు. ఈ మాట కష్టంగా ఉంటుందని తెలుసు, కానీ మీరు మారగలరని నేను నమ్మేది దీన్ని బట్టే.

దిండు సంగతి వదిలేయండి. 2002లో బ్రాడ్ బుష్‌మన్ ప్రయోగంలో, కోపం తెప్పించిన మనిషిని తలచుకుంటూ పంచింగ్ బ్యాగును గుద్దినవాళ్లకు కోపం ఇంకా పెరిగింది. ఊరికే కూర్చున్నవాళ్లే వాళ్లకంటే శాంతంగా ఉన్నారు. కోపం వచ్చినప్పుడు గుండె వేగం, ఒంట్లో బిగువు దిగడానికి కొంత సమయం పడుతుంది. అందుకని ఇంటి బయటే పది నిమిషాలు ఆగండి. ఆఫీసులో జరిగింది నెమరేసుకోకుండా ఊపిరి మీద మనసు పెట్టి, అప్పుడు తాళం తీయండి. లోపల మళ్లీ వేడెక్కితే, "కాసేపట్లో వస్తాను" అని చెప్పి వేరే గదిలోకి వెళ్లండి. చెప్పినట్టే తిరిగి రండి.

బాబుతో ఈ రోజే మాట్లాడండి. "రిమోట్ విసరడం నా తప్పు, నీ వల్ల కాదు" అనండి, అంతే. "కానీ నువ్వు కూడా..." అని మాత్రం కలపొద్దు. ఎందుకంటే నాన్న కోపానికి తానే కారణమని పిల్లలు చాలాసార్లు లోపల్లోపల అనుకుంటారు.

మీ ఆవిడను కూడా ఒకసారి అడగండి, నేనంటే భయమా అని. ఆమె ఏం చెప్పినా మధ్యలో సమర్థించుకోకుండా చివరిదాకా వినండి. ఇప్పటికే ఎవరి మీదైనా చెయ్యి చేసుకుని ఉంటే, ఈ సలహాతో సరిపెట్టుకోకుండా ఈ వారమే సైకాలజిస్టును కలవండి. అప్పటిదాకా వాళ్లు కొన్నాళ్లు వేరేచోట ఉంటామంటే అడ్డు చెప్పకండి.