అమెరికాలో ఆస్తి అప్రైజర్ (ఆస్తికి విలువ కట్టే నిపుణుడు) తనపై కోర్టు కేసు పడితే, లైసెన్స్ ఇచ్చిన రాష్ట్ర బోర్డుకు చెప్పాలా?

దేశమంతటికీ ఒకే నియమం లేదు. చెప్పాలా వద్దా అన్నది లైసెన్స్ ఇచ్చిన రాష్ట్రం చట్టాన్ని బట్టి ఉంటుంది.

కారణం ఇది. ఇళ్లకు, స్థలాలకు విలువ కట్టే అప్రైజర్లకు రాష్ట్రాలే లైసెన్స్ ఇవ్వాలనే ఏర్పాటు 1989 నాటి ఫెడరల్ చట్టంతో వచ్చింది. వాళ్లు పాటించే జాతీయ ప్రమాణాలను యూస్‌పాప్ అంటారు. రిపోర్టు ఫైలును కనీసం 5 ఏళ్లు దాచాలని అందులో ఉంది కానీ, దావా పడితే బోర్డుకు తెలపాలని లేదు. ఆ సంగతి రాష్ట్రానికే వదిలేశారు. కాబట్టి దావా, తీర్పు, సెటిల్‌మెంట్, క్రిమినల్ శిక్ష: వీటిలో ఏది చెప్పాలో, ఎన్ని రోజుల్లో చెప్పాలో విడివిడిగా చూసుకోవాలి. లైసెన్స్ రెన్యువల్ ఫారంలోని ప్రశ్నలు కూడా చూసుకోవాలి.

ఉదాహరణకు, ఇంటి విస్తీర్ణం తప్పు వేశారని టెక్సస్‌లో ఒక కొనుగోలుదారు అప్రైజర్‌పై దావా వేశాడనుకుందాం. ఆ అప్రైజర్‌కు కాలిఫోర్నియా లైసెన్స్ కూడా ఉంటే రెండు రాష్ట్రాల నిబంధనలూ చదవాలి.

చాలామంది పొరబడేది ఇక్కడే: వృత్తిలో జరిగే పొరపాట్ల కోసం పాలసీ తీసుకున్న ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పేశాం, ఇక టెన్షన్ లేదనుకుంటారు. అది పాలసీ షరతు మాత్రమే, బోర్డుకు చెప్పినట్టు కాదు. అలాగే దావా పడినంత మాత్రాన లైసెన్స్ పోదు. దాన్ని రద్దు చేయాలంటే బోర్డు వేరుగా విచారణ జరపాలి.